శంఖంలో నీచు వాసన

ప్రతి శనివారం పొద్దున మా పెద్దమ్మ నా కుడి అరచేతిలో మూడుసార్లు తీర్థం పోస్తుంది. నేను కళ్ళు మూసుకుంటాను. చూసేవాళ్ళు భక్తి అనుకుంటారు. ఊపిరి బిగబట్టుకుంటున్నానని ఎవరికీ తెలియదు. ఏడేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఆ కాసిని నీళ్ళే. అరచేతిలో నీళ్ళకు బరువేమిటని మీరు అడగవచ్చు. అడగండి. చెప్పడానికే కూర్చున్నాను.

నా పేరు చెప్పను. అది పిరికితనమే, దానికి ఇంకో మంచి పేరు వెతకను. మాది నరసరావుపేట. మిరపకాయల వ్యాపారం చేసిన కుటుంబం. అమ్మ చిన్నప్పుడే పోతే పెద్దమ్మ పెంచింది. మా ఇంటి గడప లోపలికి కోడిగుడ్డు కూడా రాదు. అలాంటి ఇంట్లోంచి వచ్చిన నేను ఈ చుట్టుపక్కల సముద్రం గురించి చెప్పే మనిషినయ్యాను. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నప్పుడు స్నేహితులతో వెళ్ళి స్కూబా డైవింగ్ నేర్చుకున్నాను. ఆ తర్వాత ఇంటి నుంచే పని చేసుకోవచ్చన్నారని ఊరికి వచ్చేశాను. ఫోన్లో వీడియోలు పెట్టడం మొదలుపెట్టాను. మాచర్ల, గురజాల కాలేజీల వాళ్ళు పిలిచి మైకు ఇస్తారు. సముద్రం నుంచి గవ్వ కూడా తీసుకురాకండి అని చెబుతాను. వేసవి చేపలు గుడ్లు పెట్టే కాలం, అప్పుడు సముద్రం చేప కొనకండి అని చెబుతాను. శాలువా కప్పుతారు. పల్నాడులో కృష్ణ ఉంది, సాగర్ కాలవ ఉంది, సముద్రం మాత్రం లేదు. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం. నేను ఆ ఆముదం చెట్టుని.

మా మార్కెట్లో చేపలమ్మే మస్తాన్‌బీ ఒక్కతే నన్ను లెక్కచేయదు. పిల్ల చేపలు అమ్మొద్దని ఒకసారి చెప్పబోతే మొహం మీదే అంది. "నువ్వేమో నోట్లో పెట్టవు. తినేటోళ్ళ నోటికి తాళం ఏస్తావు. ఏందమ్మా నీ యవ్వారం?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. నా యవ్వారం ఏమిటో ఆమెకు తెలిస్తే ఆ చేపల కత్తితోనే తరిమేది.

సంగతికి వస్తాను. చుట్టూ తిరుగుతున్నాను, నాకే తెలుస్తోంది.

మా పూజగదిలో ఒక పాత శంఖం ఉండేది. తాతయ్య తీర్థయాత్రకు వెళ్ళినప్పుడు సముద్రస్నానంలో కాలికి తగిలిందని తెచ్చాడట. అంగట్లో కొని, కాలికి తగిలిందని చెప్పి ఉంటాడని నా అనుమానం. ఏమైతేనేం, దానితో మా ఇంట్లో ఒక నియమం పుట్టింది. కొన్న శంఖం పూజకు పనికిరాదు. సముద్రం నుంచి ఇంటి మనిషి చేత్తో రావాలి. సముద్రానికి ఇంత దూరంలో బతికేవాళ్ళు మాత్రమే పెట్టుకోగల నియమం ఇది. శంఖమంటే తెల్లగా, ఖాళీగా, దేవుడు కడిగి ఒడ్డున పెట్టిన పాత్ర అని మా వాళ్ళ నమ్మకం. దాని లోపల ఒక జీవి ఉంటుందని, ఆ శంఖం ఆ జీవి ఒళ్ళేనని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

నాకు తెలుసు. అదే కదా తేడా.

ఆ పాత శంఖం ఒక శనివారం పెద్దమ్మ చేతిలోంచి జారి పగిలింది. ఆమె రెండు రోజులు అన్నం తినలేదు. వీధిలో ఆడవాళ్ళు తీర్థానికి రావడం తగ్గించారు. చెంబుతో పోస్తే అది ఉత్త నీళ్ళే అని వాళ్ళ లెక్క. "నువ్వు సముద్రం అడుగుదాకా పోతావంట కదే. నాకొక శంఖం తెచ్చిపెట్టలేవా? అంత చదువు చదివి ఏం లాభం?" అంది పెద్దమ్మ. అలా తేకూడదు పెద్దమ్మా, అది ప్రాణమున్నది అని ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఎందుకు? ఆమె కళ్ళలో నేను గొప్పదాన్నయ్యాను. అంత చవగ్గా అమ్ముడుపోయాను.

తూర్పుతీరంలో ఒక ఊరు. పేరు చెప్పను. డైవింగ్ సెంటర్ నడిపే ఆమెను అందరూ మేడమ్ అనేవాళ్ళు. మంచి మనిషి, ముక్కుసూటి. సముద్రంలోంచి బతికున్నదీ చచ్చినదీ ఏదీ పైకి తేకూడదని పడవ ఎక్కే ముందు అందరిచేతా ఒట్టు వేయించేది. పడవలో గాలి సిలిండర్లు ఎత్తే మనిషి అప్పన్న. అటువైపు ఆ పేరు వీధికి పదిమందికి ఉంటుంది, అందుకే రాస్తున్నాను. పొగాకు నమిలి పళ్ళు గారపట్టిన మనిషి. పేకాటలో దొంగ ఆట ఆడేవాడు, పట్టుబడితే పెద్దగా నవ్వేవాడు. పడవలో మిగతావాళ్ళంతా బయటి రాష్ట్రాలవాళ్ళు. నేను తెలుగులో పలకరించేసరికి ఆ పొద్దున ఎక్కడలేని కబుర్లూ చెప్పాడు.

"ఒకప్పుడు నానూ ఒడ్డున శంకాలూ గవ్వలూ అమ్మినోణ్ణేనమ్మా. ఈ పనిలో సేరినకాడి నుంచీ మానేసాను. మేడంగారికి మాటిచ్చేను. ఇప్పుడు మా ఇంటిది నన్ను మనిసిలాగా సూస్తంది" అన్నాడు. ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉండి చెప్పాడు. నేను తలూపాను. నా బుర్రలో శంఖం తిరుగుతోంది.

నీళ్ళ అడుగున ఇసుక నేల. మేడమ్ ముందు వెళుతూ మిగతావాళ్ళకు ఏదో చేపను చూపిస్తోంది. నేను వెనకబడ్డాను. ఇసుకలో సగం కూరుకుని ఒక చిన్న శంఖం. తెల్లగా ఉండదు అది. పైన గోధుమరంగు తోలు, నాచు, మట్టి. తీసి డైవింగ్ జాకెట్ జేబులో వేసుకున్నాను. కాస్త ముందు ఇంకొకటి, పెద్దది. అది కదులుతోంది. ఎర్రటి కండ బయటికి చాపి, ఇసుకను నెట్టుకుంటూ, తన పనిమీద తాను పోతోంది. నేను పట్టుకోగానే కండను లోపలికి లాక్కుని గోరులాంటి మూత వేసుకుంది. ఇంట్లో ఉన్నాను, తలుపు వేసుకున్నాను అని అది చెప్పగలిగిన భాషలో చెప్పింది. నాకు అర్థమైంది. అయినా ఇంకో జేబులో వేసుకున్నాను. పెద్దది దొరికాక చిన్నదాన్ని వదిలెయ్యొచ్చు కదా? వదల్లేదు. పెద్దమ్మకు ఏది నచ్చుతుందో అని. సంతలో వంకాయలు ఏరుకున్నట్టు.

పడవ ఎక్కాక పెద్దదాన్ని తువ్వాల్లో చుట్టి సంచి అడుగున పెట్టాను. చిన్నదానికి వీలు చిక్కలేదు. అందరూ ఎక్కేస్తున్నారు. లంగరు రాళ్ళలో ఇరుక్కుంటే విడిపించడానికి అప్పన్న నీళ్ళలోకి దూకాడు. అతను కూర్చునే చోట లైఫ్ జాకెట్ల కుప్ప ఉంది. దాని కిందికి తోశాను. ఒడ్డు చేరాక తీసుకోవచ్చనుకున్నాను. ఆ నిమిషంలో అది అప్పన్న చోటు అన్న ఆలోచన నాకు వచ్చిందా? రాలేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

ఒడ్డు దగ్గర పడుతుండగా మేడమ్ లైఫ్ జాకెట్లు సర్దుతోంది. శంఖం చెక్కల మీద పడి దొర్లింది.

"అప్పన్నా, ఏంటిది?"

అతను వంగి చూశాడు. "శంకం మేడం."

"అది నాకూ తెలుసు. నీ చోట్లోకి ఎలా వచ్చింది?"

"తెలీదు మేడం."

"లంగరు కోసమని దిగావు కదా. మళ్ళీ మొదలుపెట్టావా?"

అతను నవ్వబోయాడు, పేకాటలో పట్టుబడినప్పటి నవ్వు. ఆ నవ్వే అతని కొంప ముంచింది. మేడమ్ నావైపు తిరిగింది. "పొద్దున మీతో చాలాసేపు మాట్లాడాడు. శంఖాలేమైనా కావాలా అని అడిగాడా?"

నా కాళ్ళ దగ్గర నా సంచి ఉంది. అందులో తువ్వాలు తడుస్తోంది.

"శంఖాల గురించి మాట్లాడాడు" అన్నాను. "అమ్మడం గురించే. ఏమన్నాడో సరిగ్గా వినలేదు."

అప్పన్న నన్ను చూశాడు. చాలాసేపు కాదు. తర్వాత మేడమ్‌తో అన్నాడు, "మాటాడేను మేడం. నిజవే."

అంతే జరిగింది. మీరు గమనించారా? సరిగ్గా వినలేదన్నది తప్ప నేను చెప్పినవన్నీ నిజాలు. అతను శంఖాల గురించి మాట్లాడాడు, అమ్మడం గురించే మాట్లాడాడు. మానేశానని చెప్పిన మనిషి మాటలోంచి మానేశాననే ముక్క కోసేసి మిగతాది అప్పజెప్పాను. పచ్చి అబద్ధం చెప్పి ఉంటే ఇంత రోత పుట్టేది కాదేమో. శంఖంలో పోస్తేనే తీర్థం అంటారు. అప్పన్న మాట ఉత్త నీళ్ళయింది. చదువుకున్నదాన్ని, డబ్బు కట్టి వచ్చినదాన్ని, నా నోట్లోంచి వచ్చింది కాబట్టి నా మాట తీర్థమైంది.

మేడమ్ ఆ చిన్న శంఖాన్ని రెండు చేతులతో నీళ్ళలోకి వదిలింది. రేపటి నుంచి రావద్దని అప్పన్నకు చెప్పింది. అతను అన్ని సిలిండర్లూ దించాకే వెళ్ళాడు. నా సంచి కూడా అతనే దించి నా చేతికిచ్చాడు. తడి తగిలి ఉంటుంది. వాసన కూడా తగిలి ఉంటుంది. తెలిసి ఊరుకున్నాడా, తెలియలేదా? ఏళ్ళుగా అడుగుతున్నాను. తెలియలేదనుకుంటే కాస్త నిద్ర పడుతుంది.

ఇక నా సంచిలోని ప్రాణి. గుంటూరు దాకా రైలు, అక్కడ నుంచి మా పేటకు బస్సు. ఎండాకాలం. బస్సు సగం దారిలో ఉండగానే కంపు మొదలైంది. మామూలు కంపు కాదు, గొంతులోకి దిగి కూర్చునే కంపు. "ఎవరమ్మా ఎండుచేపలు తెచ్చింది?" అని కండక్టర్ అరిచాడు. ముందు సీట్లో ఒక ముసలమ్మ గంప పెట్టుకుని ఉంది. అందరూ ఆమెను చూశారు. నేనూ చూశాను. కావాలనే చూశాను. ఆమె గంపలో చింతపండు ఉందని ఎంత చెప్పినా కండక్టర్ వినకుండా తీసుకెళ్ళి తలుపు దగ్గర పెట్టించాడు. ఒకసారి చేసిన పని రెండోసారి ఎంత సులువుగా వస్తుందో చూడండి. ఛీ.

ఇంట్లో ఎవరూ లేని పూట డాబా మీద బకెట్ పెట్టుకుని కూర్చున్నాను. అప్పటికి అది చచ్చిందో, ఇంకా కొన ఊపిరితో ఉందో నాకు తెలియదు. తీగ వంచి కొక్కెం చేసి లాగాను. సగం వచ్చింది. సగం తెగి లోపల మెలికల్లో ఉండిపోయింది. అది కుళ్ళిపోయేదాకా ఆగాను. గండుచీమలు బారులు కట్టాయి. ఫినాయిల్ పోశాను, బ్లీచింగ్ పోశాను, కుంకుడు రసం పోశాను. పై తోలంతా కత్తితో గీకాను. నేను రెండుసార్లు కక్కుకున్నాను. చివరికి తెల్లగా మెరిసింది. పాలపిట్ట గుడ్డులా ముద్దొచ్చేలా ఉంది. దాన్ని చూసి నాకు సంతోషం కలిగింది. ఇది కూడా చెప్పాలి. కలిగింది.

పెద్దమ్మ కళ్ళకద్దుకుంది. "సముద్రుడే నీ చేతికిచ్చాడే" అంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మళ్ళీ రావడం మొదలుపెట్టారు. కడుపుతో ఉన్నవాళ్ళకు, పరీక్షలకు పోయే పిల్లలకు, మంచాన పడ్డవాళ్ళకు ఆ శంఖంలోంచే తీర్థం. వానాకాలంలో దాని లోపలి మెలికల్లోంచి సన్నగా ఆ నీచు వాసన వస్తుంది. సముద్రం వాసన అంటుంది పెద్దమ్మ. వాళ్ళు ఆ వాసన పీల్చి దండం పెట్టుకుంటారు. నేను తాగినట్టు నటించి తలకు రాసుకుంటాను. ఆ రోజంతా నా జుట్టు నాకే అసహ్యం.

ఒకసారి రొంపిచర్ల హైస్కూల్లో మాట్లాడుతుంటే ఒక పిల్ల లేచింది. మా ఇంట్లో ఒక శంఖం ఉందక్కా, దాని లోపల ఉండేది ఎక్కడికి పోయింది అని అడిగింది. వయసైపోయి చచ్చిపోయాక ఒట్టి చిప్ప ఒడ్డుకు కొట్టుకొస్తుందమ్మా అన్నాను. పిల్ల నమ్మింది. టీచర్లు చప్పట్లు కొట్టించారు. కొన్ని అలా వస్తాయి, అబద్ధం కాదు. నేను చెప్పే నిజాలన్నీ ఇలాంటివే.

ఇవన్నీ ఎలాగో మింగుతూ వచ్చాను. మింగలేనిది రెండేళ్ళ కిందట జరిగింది. ఒక కాలేజీ పిల్లలను సముద్రతీరం శుభ్రం చేయడానికని తీసుకెళ్ళాను. తీసుకెళ్ళింది ఆ ఊరికే. ఎందుకు ఆ ఊరే ఎంచుకున్నాను? క్షమాపణ అడుగుదామనా? అలా అని ముందు నేను అనుకోలేదు. ఒడ్డున పట్టా పరుచుకుని శంఖాలూ గవ్వలూ అమ్ముతూ అప్పన్న కూర్చుని ఉన్నాడు. నేను మోపిన నింద చివరికి అతని బతుకైంది. అతను మానేశానని చెప్పినదాన్ని మళ్ళీ అతని చేత పట్టించింది నేనే.

పిల్లలు నాకంటే ముందు అతని దగ్గరికి పోయారు. నేను నేర్పిన పిల్లలు. నా మాటలే, ఒక్క ముక్క పొల్లుపోకుండా అతని మీద కురిపించారు. వీటికి ప్రాణం ఉంటుందని తెలియదా? దొంగతనం కాదా ఇది? మీలాంటివాళ్ళ వల్లే కదా సముద్రం నాశనమైపోతోంది? ఒకడు ఫోన్లో వీడియో కూడా తీస్తున్నాడు. అప్పన్న తల ఎత్తి వాళ్ళందరినీ చూశాడు. వాళ్ళ వెనక నిలబడ్డ నన్ను చూశాడు.

"నిజవేనమ్మా" అన్నాడు.

పిల్లలతో అన్నాడో నాతో అన్నాడో. అదే గొంతు, పడవలో విన్న గొంతు. నేను ఒక్క అడుగు ముందుకేసి, ఒరేయ్ ఆగండి, దొంగను నేనురా అంటే అయిపోయేది. అనలేదు. పదండి, ఆలస్యమవుతోంది అన్నాను. బస్సులో పిల్లలు నాకు జేజేలు పలికారు. కిటికీలోంచి తల బయటపెట్టి కక్కుకున్నాను. బస్సు పడలేదేమో అక్కకి అన్నారు.

పోయిన శనివారం పెద్దమ్మ శంఖం ఎత్తింది. నేను చెయ్యి చాపలేదు.

"ఏందే, చెయ్యి పట్టవు?"

"అందులో ఒక ప్రాణి ఉండేది పెద్దమ్మా. నేను చంపి తెచ్చాను. ఆ వాసన దానిదే."

వరండాలో ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు. పెద్దమ్మ గొంతు తగ్గించింది. "మిరపకాయ బస్తాల మధ్య పెరిగినదాన్ని. బస్తాల ఎనకాల ఎలక చస్తే ఈ గదిలోంచి చెప్పేదాన్ని. నువ్వు తెచ్చిన పొద్దే నాకు తెలిసింది. శంఖంలో పోసినాక అది తీర్థమే. చానా మాట్లాడబాక, చెయ్యి పట్టు."

నా పెద్దమ్మ మీద నాకు రోత పుట్టింది. తెలిసి కూడా ఇంతమంది నోట్లో పోసిందే అని. ఆ రోత ఎక్కువసేపు ఆమె మీద నిలవలేదు. వాసన తెలిసి నోరు మూసుకోవడం, నలుగురిలో గౌరవం కోసం. అది నా పనే కదా? ఒకే ఇంటి పెంపకం. నేను చెయ్యి పట్టలేదు. ఆమె శంఖం తీసుకుని వరండాలోకి వెళ్ళింది.

ఆ పొద్దున ఒక సంగతి తెలిసింది. శంఖంలో జీవిని చంపానని చెప్పడానికి నోరొచ్చింది. అప్పన్న పేరు మాత్రం నాలుక చివరిదాకా కూడా రాలేదు. జీవహత్య చెప్పుకోవచ్చు, విన్నవాళ్ళు అయ్యో అంటారు. ఒక మనిషి పరువు తీసి, అతను కూలిపోతుంటే పక్కన నిలబడి, ఆ తర్వాత శాలువాలు కప్పించుకున్నానని ఎవరితో చెప్పుకోను? అందుకే మీతో చెబుతున్నాను. నన్ను క్షమించమని అడగను. ఆ హక్కు మీకు లేదు, ఉన్నది అప్పన్నకు, అతన్ని అడిగే మొహం నాకు లేదు. రేపు వెళతానేమో. వెళ్ళననే అనుకుంటున్నాను. నన్ను నేను ఎరుగుదును.

ఒక్క వాక్యం మాత్రం రాస్తాను. ఏడేళ్ళుగా ఎక్కడా రాయనిది, ఎవరి ముందూ పలకనిది. రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి వెనక్కి లాగుతోంది.

ఆ రోజు పడవలోకి శంఖం తెచ్చింది అప్పన్న కాదు. నేను.

రాశాను. గదిలో అంతా అలాగే ఉంది. ఊపిరి మాత్రం లోపలిదాకా పోతోంది.